గుండె లెక్క తప్పించుకునే రౌతుకు కొన్ని చిట్కాలు

కాలిఫోర్నియాలో టెవిస్ కప్ అని ఒక సుదూర గుర్రపు సవారీ ఉంది. 1955లో వెండెల్ రోబీ మొదలుపెట్టాడు. సియెర్రా నెవాడా కొండల మీదుగా 100 మైళ్లు, 24 గంటల్లో ఆబర్న్ ఊరు చేరాలి. చేరినవాళ్లకు వెండి బకిల్ ఇస్తారు. కొండలూ లోయలూ పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా దారిలో కాచుకుని కూర్చునే పశువైద్యులతోనే. వాళ్లు మిమ్మల్ని పలకరించకుండా నేరుగా గుర్రం గుండె లెక్కపెడతారు. బకిల్ పెట్టుకునేది మీరైతే ఈ పక్షపాతం దేనికో!

ముందుగా, ఇంటి దగ్గర మీ గుర్రం నాడి ఎప్పుడూ చూడకండి. తీరిగ్గా నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మీ గుర్రం మామూలు లెక్క ఎంతో తెలిసిందా, ఇవాళ ఎందుకు పెరిగిందన్న పాడు ప్రశ్న పుడుతుంది.

ఎలక్ట్రానిక్ మానిటర్ మాత్రం కొనండి, మణికట్టుకు హుందాగా ఉంటుంది. ఒక ఎలక్ట్రోడ్ జీను కిందికి, ఇంకొకటి జీను పట్టీ కిందికి దోపితే చాలు. వాటిని నీళ్లతో తడపాలంటారు, పట్టించుకోకండి. పొడిగా ఉంటే అంకెలు పిచ్చిగా గంతులేస్తాయి, అదే మీకు కావాల్సింది. ఎక్కువ చూపిస్తే యంత్రం చెడిందనండి, తక్కువ చూపిస్తే గుర్రం జాతి అలాంటిదనండి. దారిలో డెవిల్స్ థంబ్ అనే నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు అంకె 180 దాటితే లోయ అందాలు చూడండి.

చెవితో లెక్కపెట్టక తప్పని రోజూ వస్తుంది. ఎడమ మోచేయి వెనక స్టెతస్కోప్ పెడితే ఒక్కో స్పందనకూ రెండు చప్పుళ్లు వినిపిస్తాయి, రెండూ కలిపి ఒకటి. తెలియనివాళ్లు రెండుగా లెక్కవేసి లేని భయం తెచ్చుకుంటారు. మీరు అంతకంటే తెలివైనవాళ్లు. పదిహేను సెకన్లు విని నాలుగుతో హెచ్చవేయడం చాదస్తుల పద్ధతి. మీరు పది సెకన్లే వినండి, హెచ్చవేయడం మాత్రం నాలుగుతోనే. 66 ఉన్న గుండె తక్షణం 44కి దిగివస్తుంది. లోకంలో ఏ మందూ ఇంత త్వరగా పనిచేయదు.

పరీక్ష స్థలానికి దౌడు తీస్తూ చేరండి. పిరికివాళ్లు అర మైలు ముందే దిగి, పట్టీ వదులుచేసి, గుర్రం పక్కన నడిచి వస్తారు. మెడ మీద నీళ్లు పోస్తారు. దారిలోని రాబిన్సన్ ఫ్లాట్ అనే మజిలీలో గంటసేపు విశ్రాంతి తప్పనిసరి, ఆ గంట మొదలయ్యేది గుండె వేగం నిర్ణీత అంకెకు దిగాకే. మీ గుర్రం ఎగరొప్పుతూ నిలబడి ఉండగా, మీ వెనక నడిచి వచ్చినవాళ్లు విశ్రాంతి ముగించుకుని బయల్దేరిపోతారు. చేయి ఊపి సాగనంపండి, మర్యాదగా ఉంటుంది.

ఆ తర్వాత ఇంకో తంటా. నాడి చూసి, గుర్రాన్ని 125 అడుగులు ట్రాట్ (చిన్న పరుగు) చేయించి వెనక్కి రప్పించి, మొదలుపెట్టిన నిమిషానికి మళ్లీ చూస్తారు. రెండో అంకె నాలుగు పెరిగినా వైద్యుడి కనుబొమలు ముడిపడతాయి. సాకులు సిద్ధంగా పెట్టుకోండి: పక్కన ఆడ గుర్రం, జోరీగ, స్నేహితుడైన గుర్రం ముందు వెళ్లిపోయిందన్న బెంగ. చివరిది నిజంగానే నాడిని పెంచుతుంది కాబట్టి బాగా అతుకుతుంది. నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, కడుపు పోటు లాంటి అశుభాలు మాత్రం నోట రానీయకండి. గుర్రపు చెమటలో మన చెమట కంటే ఉప్పు ఎక్కువ పోతుందని, లవణాలు పట్టించమని ఎవరైనా అంటే, మీకు ఉప్పు పడదని చెప్పండి.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్నారు పెద్దలు. మీరు గట్టివారు, కుంటుతున్న గుర్రాన్ని కూడా మూడు కాళ్ల మీదే దౌడు తీయించగలరు.

చివరికి ఆబర్న్‌లో గీత దాటాక కూడా వదలరు. ఈ గుర్రం ఇంకా ముందుకు వెళ్లగలదా అని మళ్లీ పరీక్ష, తప్పితే బకిల్ లేదు. ముందుకంటే ఎక్కడికి, ఊరు వచ్చేసింది కదా అని గట్టిగా నిలదీయండి. మీరు మాట్లాడుతుండగా వైద్యుడు కాగితం మీద ఏం రాస్తున్నాడో మాత్రం తొంగి చూడకండి.