చదివింపులు ముందే చెల్లు

నోయిడా బంధువుల శుభలేఖ: పెళ్లి ఫుకెట్‌లో, సకుటుంబ సపరివార సమేతంగా రావాలి. పిలవడం వారి వంతు, టికెట్లు మన వంతు! పెళ్లిళ్లు మన దేశంలోనే చేసుకోమని ప్రధాని 2023 నవంబరు 26న 'మన్‌ కీ బాత్‌'లో కోరారు. విన్నవాళ్లు విన్నారు, మిగతావాళ్లు శుభలేఖలు వేయించారు.

వెళ్లక తప్పనివారికి కొన్ని జాగ్రత్తలు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుండాలి. థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. ఒడిబియ్యం కుడుకలు చెక్-ఇన్ పెట్టెలో సర్దొద్దు. ఎండుకొబ్బరికి నిప్పంటుకునే గుణముందని అభ్యంతరం. వియ్యాలవారి కడుపుమంటకు మాత్రం ఏ ఆంక్షా లేదు. కాసులపేరు వేసుకెళ్తుంటే ఢిల్లీ కస్టమ్స్‌లో వెళ్లేటప్పుడే ధ్రువపత్రం తీసుకోండి. లేదంటే తిరిగొచ్చాక అది అమ్మమ్మ ఇచ్చిందేనని అధికారి ముందు ఒట్టేయాలి.

డిసెంబరు, జనవరిల్లో అయితే ఒకరోజు ముందే బయల్దేరండి. ముహూర్తం పెట్టేది పురోహితుడే అయినా, ఖరారు చేసేది ఢిల్లీ విమానాశ్రయంలో పొగమంచే.

ఇక చదివింపులంటారా? మైకు పట్టుకున్నాయన అడిగితే బోర్డింగ్ పాసు చూపించండి, చాలు.