రెండు నిమిషాల వెల్డర్లు

ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ భుజాన తగిలించుకునేంత చిన్నదై, ఫోన్లో ఆర్డరు పెడితే గుమ్మంలోకి వచ్చేంత చవకయ్యాక మన కాలనీల్లో ఒక కొత్త జాతి వెలిసింది. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్నే డాబా ఎక్కి ఇనుము అతికించే జాతి. పూలకుండీల స్టాండు, చెప్పుల రాక్, కుక్కకి గూడు, అత్తగారికి ఊయల – వీరి చేతుల్లో తయారవుతున్నవి ఇవి. ఊయల మీద అత్తగారి అభిప్రాయం ఇంకా తెలియరాలేదు.

ఇందులో తప్పేమీ లేదు. తన చేత్తో ఒక వస్తువు చేసుకోవాలన్న ముచ్చట ఎవరికైనా ఉంటుంది. నా తగాదా అంతా బిల్లు దగ్గర. మిషన్‌కి ఏడెనిమిది వేలు. గ్రైండర్‌కి రెండు మూడు వేలు. మూలలు సరిగ్గా నిలబెట్టే అయస్కాంతాలు, నాలుగు రకాల రాడ్లు, పనిని వీడియో తీయడానికి ఫోన్ స్టాండు. ఇక కన్ను, చెయ్యి, ఒళ్ళు, ఊపిరి పద్దు కింద సున్నా. మిషన్‌తో పాటు ఊరికే వచ్చిన చేతి షీల్డు ఒకటుంది. దానికి ఏ ప్రమాదమూ జరగకుండా డబ్బాలోనే భద్రంగా ఉంచారు. అడిగి చూడండి, జవాబు సిద్ధం: "రెండు నిమిషాల పనికి అవన్నీ ఎందుకండీ?"

అవతల రాడ్ కొనన మండే మెరుపు, అంటే ఆర్కు, హాబీది కనుక కాస్త మర్యాదగా మండుతుందని వీరి నమ్మకం. ఆర్కు వేడి సూర్యుడి పై పొరతో పోటీ పడుతుంది. దాన్ని ముట్టించింది జీతగాడో, సరదారాయుడో దానికి పట్టదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షను పూర్తిగా కళ్ళ రక్షణ గురించే ఉండేది. ఎగిరిపడే ముక్కలూ, మితిమీరిన వెలుతురూ ఉన్నచోట తెరలో కళ్ళద్దాలో ఉండాలన్నది దాని సారాంశం. డాబా ఫ్యాక్టరీ కాదు కనుక ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి రాడు. యజమానీ కార్మికుడూ ఒక్కరే కనుక సమ్మె నోటీసూ రాదు. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట ముందు బలయ్యేది కన్నే.

ఆ రెండు నిమిషాల లెక్క కూడా చూద్దాం. ఆర్కులోంచి వచ్చే అతినీలలోహిత కిరణాల దెబ్బ విడివిడిగా పడి మాసిపోదు, రోజంతా కలిసి పేరుకుంటుంది. పొద్దున ఒక టాకు (అతుకు చుక్క), టిఫినయ్యాక రెండు, ఒంకర వచ్చిందని కోసి మళ్ళీ మూడు. పైగా చేయి తిరిగిన వెల్డరు ఒక్కసారి ముట్టించే రాడ్‌ని నేర్చుకునేవాడు పదిసార్లు గీకుతాడు. అతుక్కుపోతే పీకుతాడు. ఎక్కడ పెట్టాలో కనిపించక షీల్డు పక్కకి జరిపి తొంగి చూస్తాడు, సరిగ్గా అప్పుడే ముట్టుకుంటుంది. అనుభవం తక్కువ ఉన్నవాడికి రక్షణ ఎక్కువ కావాలి. మన రెండు నిమిషాల వీరుడు ఈ సూత్రాన్ని తలకిందులు చేసి సుఖంగా ఉన్నాడు.

అందరూ అంత నిర్లక్ష్యపరులేం కారు. కొందరు కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటారు. మామూలు కూలింగ్ గ్లాసు తన మీద పడిన వెలుగులో నూటికి పది, పదిహేను పాళ్ళు లోపలికి వదులుతుంది. వెల్డింగ్ షీల్డుకి బిగించే 10వ నంబరు బ్లాక్ గ్లాసు వదిలేది పదివేలకి ఒకటిన్నర పాలు కూడా ఉండదు. వెల్డింగ్ అద్దాల నంబర్ల ప్రకారం దిద్దితే కూలింగ్ గ్లాసుకి వచ్చే మార్కులు సుమారు 3. ఒకదాని మీద ఒకటి రెండు జతలు పెట్టుకున్న మేధావికి 5. ఇంట్లో వాడే 2.5 మి.మీ. రాడ్‌కి 70, 80 ఆంపియర్ల దగ్గర కావలసింది 10. "యూవీ 400 అని రాసుందండీ" అంటారు. రాసే ఉంది. ఎదురుగా వచ్చే అతినీలలోహితాన్ని అది ఆపుతుందనే అనుకుందాం. పక్క సందుల్లోంచి దూరేది? కన్ను చెదరగొట్టే ఆ వెలుగు? చెంపల మీదా ముక్కు మీదా పడేది? వాటి గురించి అద్దం మీద ఏమీ రాసి ఉండదు.

ఇంకో వర్గం కళ్ళు మూసుకుని కొడుతుంది. గురి చూసుకోవడం, కళ్ళు మూయడం, రాడ్ తాకించడం. ఇలా అతికిన ఊయలలో కూర్చోవాల్సిన అత్తగారి క్షేమం కోరుకోవడం తప్ప మనం చేయగలిగింది లేదు.

అసలు కష్టమేమిటంటే కంటికి తగిలే ఈ దెబ్బ వెంటనే తెలియదు. ఆరేడు గంటలు, ఒక్కోసారి పన్నెండు గంటలు గడిచాక, అంటే ఫోటోలు పెట్టి, మెచ్చుకోళ్ళు లెక్కపెట్టుకుని పడుకున్నాక వస్తుంది. కళ్ళల్లో ఇసుక పోసి రుద్దినట్టు మంట, ధారగా నీళ్ళు, లైటు వేస్తే భరించలేనితనం. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర ఎండకి కమిలిన చర్మంలా కమిలింది. అర్ధరాత్రి గృహవైద్యం మొదలవుతుంది. ఒకరు ఆలుగడ్డ చక్రాలు కోస్తారు, ఒకరు కీరా, ఒకరు పాలలో ముంచిన దూది. సాధారణంగా ఇది ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానుతుంది, ఆ పేరు మాత్రం ఆలుగడ్డకి దక్కుతుంది. తెలివైనవాడు మందుల షాపుకి పరిగెత్తి కంటికి స్పర్శ తెలియకుండా చేసే చుక్కలు అడుగుతాడు. డాక్టరు పరీక్ష కోసం ఒకసారి వేసే మందు అది. హాయిగా ఉందని ఇంట్లో పదేపదే వేసుకుంటే గాయం మానదు సరికదా, ఆ పొరే పాడవుతుంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే మళ్ళీ అదే మాట – రెండు నిమిషాల పని కదండీ.

ఈ వీరుడికి ఒక సహాయకుడు కూడా ఉంటాడు. పైపు కదలకుండా పట్టుకోవడానికి భార్యో, పదేళ్ళ కొడుకో. షీల్డు ఒక్కటే కనుక అది ఇంటి పెద్దకి చెందుతుంది. మిగతావాళ్ళకి ఒక ఆజ్ఞ: "అటు తిరుగు!" అటు తిరిగితే పైపు కదులుతుంది, ఇటు తిరిగితే కళ్ళు పోతాయి. పైపు కదిలితే తిట్లు వెంటనే పడతాయి, కళ్ళ మంట రాత్రికి గానీ రాదు. పిల్లవాడు దేనికి భయపడతాడో చెప్పనక్కర్లేదు. ఎదురింటి బాల్కనీలో బట్టలారేసుకుంటున్న పిన్నిగారు ఈ ఉచిత మెరుపులు చూస్తూనే ఉంటుంది. ఒక అడ్డుతెర, రెండో షీల్డు అన్న ఆలోచన ఈ డాబాల మీదికి ఇంకా ఎక్కలేదు.

ఇక బట్టలు. ఈ పనికి ఇంట్లో అన్నిటికంటే పాతవి ఎంచుకుంటారు, కాలితే కాలనీ అని. ఆ జాగ్రత్త బట్ట గురించి, లోపలున్న మనిషి గురించి కాదు. పాత చొక్కా అరిగి పల్చబడుతుంది, అంచుల్లో పీచులు లేస్తాయి. నిప్పురవ్వకి అంతకంటే మంచి చోటు దొరకదు. పాతది లేనివాడు క్రికెట్ జట్టు జెర్సీ వేస్తాడు. అది పాలిస్టరు. సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన పడే చుక్క కరిగిన ఇనుము, వెయ్యి డిగ్రీల పైమాట. కరిగిన జెర్సీ చర్మానికి అంటుకుపోతుంది. అభిమాన జట్టుని ఇంతకంటే గాఢంగా గుండెకి హత్తుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కావలసింది దళసరి నూలు చొక్కా. చేతులు మణికట్టు దాకా, గుండీలు గొంతు దాకా. పై గుండీ వదిలేస్తే మెడ కింద ఎర్రటి త్రికోణం మిగులుతుంది. పాంటు కింద మడత ఉండకూడదు, అది రవ్వలు దాచుకునే జేబు. పాంటు బూటు మీదికి జారాలి, బూటులోకి దోపకూడదు.

బూటు అన్నాను కదా, చూస్తే అక్కడ హవాయి చెప్పులున్నాయి. లేదా గాలి ఆడటానికి పైన చిల్లులున్న రబ్బరు క్లాగ్స్. గాలికే దారి ఇచ్చినవి నిప్పుకి ఎందుకివ్వవు? మొక్కలకి నీళ్ళు పోసిన తడి డాబా మీద ఉత్తకాళ్ళతో నిలబడి, చెమట చేత్తో రాడ్ మార్చేవాళ్ళూ ఉన్నారు. పని ఆపి ఉన్నప్పుడు కూడా ఆ హోల్డరులో 60 నుంచి 80 వోల్టులు ఎదురుచూస్తుంటాయి. పొడి తోలు గ్లవ్స్ కాలకుండా ఉండటానికే కాదు, షాకు కొట్టకుండా ఉండటానికి కూడా.

న్యాయంగా చెప్పాలంటే, ఖర్చుకి వెనకాడని శాఖ కూడా ఒకటుంది. పుర్రెల, మంటల బొమ్మలు వేసిన, వెలుగు పడగానే అద్దం తనే నల్లబడే ఆటో డార్క్ హెల్మెట్, తోలు ఏప్రాను, ఆ కింద నిక్కరు. హెల్మెట్‌కి ఏ ప్రమాణాల ముద్ర ఉందో చూడరు, పుర్రె ఏ రంగులో ఉందో చూస్తారు. గ్రైండింగ్ కోసం మీట మార్చి మళ్ళీ వెల్డింగ్‌కి తిప్పడం మరిచిపోతారు, అప్పుడు ఆ అద్దం నల్లబడనే నల్లబడదు. అతుకు మీది పెంకు, అంటే స్లాగ్, కొట్టేటప్పుడు వేడెక్కిందని హెల్మెట్ తీసి పక్కన పెడతారు. కంట్లోకి పెంకు ఎగిరేది ఆ క్షణంలోనే. హెల్మెట్ కింద మామూలు తెల్ల సేఫ్టీ గ్లాసెస్ కూడా ఉండాలంటే నవ్వుతారు, ఫోటోలో అవి కనపడవు కదా.

ఊపిరి సంగతికి వస్తే, ముక్కుకి చేతిరుమాలు. అతికేది జింకు పూసిన జి.ఐ. పైపు. ఆ పూత కాలి తెల్లటి పొగ లేస్తుంది. సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. మర్నాటికి తగ్గుతుంది కనుక "వైరల్" అని సర్దుకుంటారు. విరుగుడుగా పెద్దలు చెప్పిన బెల్లం ముక్క, గ్లాసుడు పాలు. పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం పోయింది కడుపులోకి. ఈ రెండూ ఎక్కడ కలుసుకుంటాయో చెప్పే శరీరశాస్త్రం ఇంకా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగనీ, వెల్డింగ్‌లో పుట్టే అతినీలలోహితాన్నీ మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నదీ ఆ వర్గంలోనే. ముప్పు మోతాదు రెండింటికీ ఒకటేనని దీనర్థం కాదు, రుమాలు చాలదని మాత్రం అర్థం. పూత ముందే గీకేయాలి. గీకేటప్పుడూ అతికేటప్పుడూ ఎన్-95 మాస్క్ ఉండాలి. గాలి మొహం వైపు నుంచి కాకుండా పక్క నుంచి వీచేలా నిలబడాలి.

ఇన్ని చెప్పాక బ్రహ్మాస్త్రం బయటికొస్తుంది. "విజయవాడ ఆటోనగర్ వెళ్ళి చూడండి. ముప్ఫై ఏళ్ళుగా చెప్పులతో, ఉత్త కళ్ళతో చేస్తున్నారు. వాళ్ళకేమైంది?" ముప్ఫై ఏళ్ళు చేసినవాడు షాపులో కనిపిస్తాడు. చూపు మందగించో, దమ్ము చాలకో పదేళ్ళకే మానేసినవాడు షాపులో కనిపించడు, వెతుక్కుంటూ మీరూ వెళ్ళరు. ఉన్నవాడి ముంజేతులు ఒకసారి దగ్గరగా చూడండి, ఏమైందో అక్కడే రాసి ఉంది. అతను గ్లవ్స్ వేసుకోనిది ధైర్యం ఎక్కువై కాదు. చాలాచోట్ల కొనిచ్చేవాడు లేక, రోజు కూలిలో అది మిగలక, అడిగితే పని పోతుందేమోనని. అతని లేమిని మీరు తెగువ అని పేరు మార్చి, అరువు తెచ్చుకుని, ఆదివారాలు ధరిస్తున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత మనకు ఎలాగూ ఉంది. ఆ నక్క కూడా వాత పెట్టుకునే ఇనుము కోసం ఏడు వేలు పోసి ఉండదు.

చివరిగా ధరలు. నంబరున్న బ్లాక్ గ్లాసుతో చేతి షీల్డు, మణికట్టు దాటే తోలు గ్లవ్స్, సేఫ్టీ గ్లాసెస్, ఎన్-95 మాస్కులు, అన్నీ వందల్లోనే. ఐ.ఎస్. 15298 ముద్ర ఉన్న తోలు బూట్లకి వెయ్యి చిల్లర. మొత్తం కలిపినా మీ గ్రైండరు ఖరీదు చుట్టుపక్కలే తేలుతుంది. కొనలేని ఇల్లు కాదు మీది.

కాబట్టి రెండు నిమిషాల వాదన ఇక చాలు. దానికి బదులు ఒక చిన్న లెక్క కట్టండి. పోయినేడు మీ ఇంటి గేటు పెట్టడానికి వచ్చిన కుర్రాడు మొహం పక్కకి తిప్పి రాడ్ కొడుతుంటే మీరు నీడలో కుర్చీ వేసుకుని చూశారు. ఆఖర్న బేరమాడి ఐదొందలు తగ్గించారు. ఆ ఐదొందలకి ఒక షీల్డూ, ఒక జత గ్లవ్సూ వస్తాయి. మీవి కొనేటప్పుడు రెండు జతలు కొనండి, రెండోది అతనికి బాకీ ఉన్నారు.