కత్తెర కాదు, ముందు బల్బు పట్టండి

పాత తేలిక విమానం ఇంజను వేడెక్కుతోందంటే చాలు, ఈకాలం పిల్లలు కత్తెర పడతారు. ముక్కు దగ్గర గాలి కంత పెద్దది చేస్తారు, ఇంజనును కప్పే రేకు మూత, అదే కౌలింగ్, పక్కన చీలికలు కోస్తారు. వేడి తగ్గదు. ఇంకో చీలిక కోస్తారు. ఆ ఫొటోలు ఎక్కడెక్కడి నుంచో పాలకుర్తిలో ఉన్న నా ఫోనుకు వస్తాయి. చూస్తే కడుపు రగిలిపోతుంది.

మా రోజుల్లో ముందు బల్బు పట్టేవాళ్లం. హ్యాంగర్ చీకటి చేసి, కౌలింగ్ అడుగున బల్బు వెలిగించి, ముందు కంతలోంచి చూసేవాళ్లం. గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బాఫిల్ రేకుల అంచున వెలుతురు కనబడిన చోటల్లా గాలి దొంగదారిన పోతున్నట్టే.

మేం పనిచేసింది పుష్పక్‌ల మీద. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో ఘాట్గే రూపకల్పన చేసిన ఆ విమానం 1958లో తొలిసారి ఎగిరింది. దాదాపు 160 తయారయ్యాయి, చాలావరకు ఫ్లయింగ్ క్లబ్బులకే వెళ్లాయి. ఇంజను కాంటినెంటల్ సి-90. నాలుగు సిలిండర్లు, 90 గుర్రాల శక్తి, చల్లబడేది గాలితోనే. ఎదురుగా వచ్చిన గాలి ఇంజను పైన ఒత్తిడితో నిలవాలి. సిలిండర్ల రెక్కల సందుల్లోంచి దిగి, వేడి మోసుకుని అడుగునుంచి బయటపడాలి. చెరువు కట్టకు గండి పడితే తూములో నీళ్లు పారతాయా? బాఫిల్ సంగతీ అంతే. పైగా వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. బయటికి పోయే దారి ఇరుకైతే ముందు కంత ఎంత కోసినా లాభం లేదు. మన మే నెల ఎండలో ఆ వచ్చే గాలే సెగలు కక్కుతుంది, దాన్ని కూడా గండ్ల పాలు చేస్తే ఎలా?

బాఫిల్ అంచున ఉండే రబ్బరు పట్టీ మరీ ముఖ్యం. అది లోపలికి, ఒత్తిడి ఉన్న వైపుకు వంగి ఉండాలి. అప్పుడు ఆ గాలే దాన్ని కౌలింగ్‌కు అదిమి పెడుతుంది. బయటికి మడతపడితే అదే గాలి తెరిచేస్తుంది. కౌలింగ్ మూసిన ప్రతిసారీ మా పెద్ద మిస్త్రీ వేలితో అంచంతా తడిమేవాడు. తొందరపెడితే ఊరుకునేవాడు కాదు.

ఇప్పుడు ప్రతి సిలిండరుకూ వేడి చూపే మీటరు పెట్టుకుంటున్నారు. మంచిదే, మాకు అంత వైభోగం లేదు. కానీ ఏ సిలిండరు కాలుతోందో చూశాక దాని చుట్టూ ఉన్న రేకును వెతకరేం? ఆమోదం లేకుండా కోసిన కౌలింగ్‌తో ఎగరడం నిబంధనలకూ విరుద్ధమే.

ఈ పని నేర్పడానికి మా దగ్గర్లోనే చోటుంది. నిజాం కాలంలో 1930లో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981 దాకా నడిచింది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతిచ్చింది. పెద్ద విమానాలు రానీ, సంతోషమే. అక్కడే ఒక షెడ్డులో పాత పుష్పక్‌ను నిలబెట్టి, మన ఐటీఐ పిల్లలకు రేకు వంచడం, పట్టీ బిగించడం నేర్పించమని అడుగుతున్నా. ఆ పని తెలిసినవాళ్లం ఇంకా కొందరం ఉన్నాం, పిలిస్తే వస్తాం.