వరుసగా వినేవాళ్లేరీ?

మా రోజుల్లో క్యాసెట్టు పెట్టామంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాల్సిందే. ఇప్పుడు ఆ మాటంటే మా మనవడు "అన్నీ ఫోన్లోనే ఉన్నయ్ కద తాతా" అంటాడు. ఉన్నాయి, సరే. వినే ఓపిక ఎక్కడుంది?

ఎనభైల చివర్లో మా కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో దుబాయి పోయినోళ్లు సెలవు మీద వస్తే, వెంట టేపురికార్డరు కూడా దిగేది. మా చిన్నబాపు పెట్టెలో కొన్ని ఇంగ్లిష్ రాక్ క్యాసెట్లూ వచ్చాయి. పొద్దున ఇంట్లో ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ, పొద్దుగూకితే అరుగు మీద గన్స్ ఎన్ రోజెస్.

1987లో వచ్చిన వాళ్ల 'అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' రికార్డుకు ఏ, బి వైపులు లేవు. జి, ఆర్ అని పెట్టారు. జి వైపు నగరం, మత్తు, కసి. ఆర్ వైపు ప్రేమలు, వాటి గొడవలు. ఫోన్లో 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' ఒక్కటే వినేవాడికి ఈ అమరిక ఏం తెలుస్తుంది?

అదే ఏడు యూటూ వాళ్ల 'ద జాషువా ట్రీ' వచ్చింది. మొదట ఏది, చివర ఏది అన్నది బృందం చెబితే, మధ్య పాటల వరుస పేర్చింది గాయని కిర్‌స్టీ మెకాల్. వరుసకు అంత విలువ ఉండేది. అందులో తొలి పాట వినండి: ఆర్గాన్ మెల్లగా లేస్తుంది, గిటారు దూరం నుంచి దగ్గరికొస్తుంది, బోనో గొంతు విప్పేసరికి నిమిషంన్నర దాటుతుంది. కారు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆ పాట పెట్టాను. గొంతు రాకముందే మావాడు మార్చేశాడు.

మన దగ్గర మాత్రం తక్కువా! ఇళయరాజా 1986లో 'హౌ టు నేమ్ ఇట్' చేసి త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చారు. 1988లో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో 'నథింగ్ బట్ విండ్' చేశారు. వాటికి సినిమా లేదు, హీరో లేడు. అయినా కూర్చుని విన్నాం.

క్యాసెట్టుతో తిప్పలూ ఉండేవి. టేపు నలిగేది, హెడ్డుకు మురికి పట్టి పాట మందగించేది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచి మళ్లీ పెట్టేవాళ్లం. పాట దాటించడం కష్టం కాబట్టి నచ్చనిదీ వినేవాళ్లం. అట్లా వినగా వినగానే నచ్చనిది నచ్చింది. 'రాకెట్ క్వీన్' మొదట్లో నాకు ఎక్కలేదు. ఇప్పుడు ఆ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. నచ్చినవే ఏరి పెట్టే ఫోను ఆ అవకాశమే ఇవ్వదు.

పిల్లలూ, ఆ షఫుల్ తీసేయండి. ఒక్క ఆల్బమ్ ఆ చివరిదాకా వినండి. బాగాలేకపోతే అప్పుడు రండి నాతో వాదనకు.