కరివేపాకు కోయరాదు

ఈమధ్య ప్రతి కాలనీలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకాయన తయారవుతున్నాడు. రిటైరై ఏడాది తిరక్కముందే పెరట్లో క్రోటన్లు పీకించి ఉత్తరేణి, వావిలి, అడ్డసరం, గిలిగిచ్చ వేయిస్తాడు. గేటు పక్కన జిల్లేడు. మెడలో బైనాక్యులర్, జేబులో భూతద్దం. వచ్చినవాళ్లు కష్టసుఖాలు చెప్పుకుంటూంటే ఉన్నట్టుండి "ష్!" అంటాడు. ఏ కబురు వినాల్సొస్తుందోనని అవతలివాడు బిక్కచచ్చిపోతాడు. తేనెపిట్ట వచ్చిందని తర్వాత తెలుస్తుంది.

మొక్కల్లో ఈయనది పరమ స్వదేశీ వ్రతం. "బోగన్‌విలియా దక్షిణ అమెరికాది, లాంటానాదీ ఆ వైపే. మన పురుగుకు మన ఆకే పడుతుందయ్యా" అంటాడు. మాటలో నిజం లేకపోలేదు. సీతాకోకచిలుక తేనె ఏ పువ్వులోనైనా తాగుతుంది గానీ, గుడ్లు మాత్రం పిల్లలు తినగలిగే ఆకు చూసుకునే పెడుతుంది. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగుది జిల్లేడును వెతుక్కుంటూ వస్తుంది. జిల్లేడుపాలలోని విషం గొంగళిపురుగు ఒంటబట్టి, రెక్కలొచ్చాక కూడా దాన్ని పిట్టల నోటికి సహించకుండా చేస్తుంది.

చిక్కల్లా ఈ ఉపన్యాసం మిరపకాయ బజ్జీ నములుతూ సాగడమే. మిరప, టొమాటో, జామ, బొప్పాయి, ఆఖరికి సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి దిగినవే. సీతాకోకచిలుకలు ముసిరే గడ్డిచామంతి సైతం అక్కడిదేనని తెలిసిన పూట ఆయనకు అన్నం సయించలేదు. అలాగని పీకనూ లేదు. "దానికి పౌరసత్వం ఇచ్చేశాను" అన్నాడు.

అసలు తగువు కరివేపాకు దగ్గర. పొయ్యి మీద పోపు చిటపటలాడుతూంటే వాళ్లావిడ పెరట్లోకి పరుగెత్తి రెమ్మ తుంచబోతుంది.

"ఆగు! ఆ కొమ్మ మీద ఇద్దరున్నారు."

"ఎవరండీ?"

"కామన్ మార్మన్ పిల్లలు."

ఆవిడకు కనిపించేది పిట్టరెట్ట. అలా కనిపించాలనే ఆ సీతాకోకచిలుక గొంగళిపురుగు ఏర్పాటు. చిన్నప్పుడు ముదురు రంగు మీద తెల్లమచ్చ వేసుకుని ఆకు మీద కదలకుండా పడుంటుంది. నాలుగోసారి తోలు విడిచాక పచ్చగా తేలుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జంట చాచి ఘాటువాసన వదులుతుంది. ఈ విద్యను ఆయన చుట్టాలకు పకోడీల వేళ ప్రదర్శిస్తాడు. పకోడీలు మిగిలిపోతాయి. కూరలోంచి కరివేపాకును తీసిపారేయడం లోకంలో ఉన్నదే. ఈ ఇంట్లో కరివేపాకు కోసం కూరనే తీసిపారేశారు.

రథసప్తమి నాడు మాత్రం ఈయన గేటు ముందు వీధంతా బారులు తీరుతుంది. తలస్నానానికి మనిషికి ఏడు జిల్లేడాకులు కావాలి మరి. ఆయన ఒక్కో ఆకునూ తిరగేసి, భూతద్దంలో చూసి, అడుగున గుడ్డు లేదని తేలాకే చేతిలో పెడతాడు. అవతల సూర్యుడు రథమెక్కి సగం దూరం వెళ్లిపోతాడు. ఉద్యోగంలో ఉండగా ఫైళ్లు కూడా ఇలాగే తిరగేసేవాడని పాత సహోద్యోగులు చెప్పుకుంటారు.

ఒకసారి కరివేపాకు కొమ్మకు అంటిపెట్టుకున్న గూడు నల్లబడింది. రెక్కలు రాబోతున్నాయని కాలనీ పిల్లలందర్నీ పిలిచి చాపలు వేయించాడు. ఎంతసేపు చూసినా రెక్కలు రాలేదు. గూటికి చిన్న కన్నం పడింది. అందులోంచి చీమంత కందిరీగలు ఒకటొకటిగా బయటికొచ్చాయి. తల్లి కందిరీగ అదను చూసి లోపల గుడ్లు పెట్టిపోయిందన్నమాట. లోపలున్నదాన్ని తినేసి బయటపడ్డ సంతానమిది.

"తాతా, సీతాకోకచిలుకేదీ?"

తాత వినిపించుకునే స్థితిలో లేడు. తన జాబితాలో లేని జీవి దొరికింది. బోర్లా పడుకుని ఫోటోలు తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో ఎక్కిస్తున్నాడు.

ఆవిడ గుమ్మంలోంచి అడిగింది: "గూడు ఖాళీ అయిందిగా, ఇవాళైనా చారులోకి రెండు రెమ్మలు కోసుకోనా?"

"కుదరదు. పై కొమ్మ మీద మూడు గుడ్లున్నాయి."