క్యారియరు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: పుణె నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నమునకు పోవు 65వ జాతీయ రహదారి చెంత, జహీరాబాదు పట్టణమున, ఒక తండ్రి కూతురిని సైకిలుపై బడికి తీసికొనిపోవుచు పలికినది.

ఆ.వె.
కాళ్లు చాపు బిడ్డ, గట్టిగా పట్టుకో,
చక్రమందు మడమ జారనీకు,
వెనుక లారి వచ్చె, బెల్లు కొట్టుము వేగ,
బడికి వేళయయ్యె, భయము లేదు.

ప్రతిపదార్థము: బిడ్డ = ఓ కూతురా; కాళ్లు చాపు = పాదములు ఎడముగా పెట్టుము; గట్టిగా పట్టుకో = సీటునో నా అంగీనో విడువకుము; చక్రమందు = వెనుక చక్రపు స్పోకుల నడుమ; మడమ జారనీకు = మడమను పోనీయకుము; వెనుక లారి వచ్చె = వచ్చినది, వచ్చుచున్నది, వచ్చుచునే యుండును; బెల్లు కొట్టుము వేగ = త్వరగా గంట మ్రోగింపుము; బడికి వేళయయ్యె = ప్రేయరు మొదలు కానున్నది; భయము లేదు = దీని అర్థము వివాదాస్పదము, క్రింద చూడుడు.

తాత్పర్యము: ఆలస్యమైనది. పడకుము.

విశేషములు:

మడమ: వ్రేళ్లననక మడమననుట సాభిప్రాయము. క్యారియరుపై కూర్చున్న పసివారి కాళ్లు స్పోకుల ప్రక్కనే వ్రేలాడును. తిరుగు చక్రము పాదమును లాగి ఫ్రేము కడ్డీకి అదుముటచే ఎక్కువగా గాయపడునది మడమయు చీలమండయునే.

లారి: ఇది ఉపలక్షణము. బీదరు బస్సులు, ఆటోలు, ఈ సీమ చెరకు మోయు ట్రాక్టర్లు, ఊరనున్న మహీంద్రా కర్మాగారపు కొత్త ట్రాక్టర్లను మోయు పొడవాటి బండ్లు కూడ గ్రాహ్యములు.

శాస్త్రము: మోటారుసైకిలు వెనుక చక్రము సగమైనను కప్పబడవలెనని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది. నాలుగేండ్ల లోపు పిల్లలను నడుపువారికి పట్టీతో కట్టవలెననియు, తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్టు పెట్టవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022 నాటి సవరణ. సైకిలు మోటారు వాహనము కాదు గనుక ఇవేవియు దానికి వర్తింపవు. కావున రెండవ పాదము చక్రపు కవచముగను, "గట్టిగా పట్టుకో" అనునది పట్టీగను పనిచేయుచున్నవి. హెల్మెట్టునకు బదులు పద్యమున ఏమియు లేదు.

శంక: బిడ్డ క్యారియరుపై నున్నది. బెల్లు హ్యాండిలునకు గలదు. ఆమె ఎట్లు కొట్టును?

సమాధానము: కొట్టదు. మూడవ పాదము నుండి తండ్రి తనతో తానే పలుకుచున్నాడు. అట్లగుటచే "భయము లేదు" అనునదియు బిడ్డకు చెప్పినది కాదు. ఆమెకు మొదటినుండియు లేదు.

అలంకారము: లారీపై బెల్లు ప్రయోగించుట అతిశయోక్తి.

ఫలశ్రుతి: దీనిని నిత్యము పఠించు సైకిలువానికి విశేష ఫలమేమియు లేదు. లారీ నడుపువాడు ఒక్కమారు చదివినచో ఇరువురికిని క్షేమము.