గార్నిష్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: "చివరగా కొత్తిమీరతో గార్నిష్ చేసి వేడివేడిగా సర్వ్ చేసుకోవాలి."

అవతారిక: ఇది వంటల వీడియోలన్నిటికీ భరతవాక్యము. ఉప్మా గానీ, ఉలవచారు గానీ, కోడికూర గానీ, ఈ పంక్తి చదవనిదే కథ కంచికి పోదు. కర్త అజ్ఞాతుడు. మొన్నొక గృహప్రవేశం విందులో పులిహోర మీద సైతం కొత్తిమీర జల్లి వడ్డించగా చూచి, ఇక ఉపేక్షించుట తగదని టీకకు పూనుకొంటిమి.

చివరగా: దించబోవునపుడు.
ఆక్షేపము: మొదటే వేసిన దోషమేమి?
సమాధానము: ఆకు వాసన ఆల్డిహైడులనెడి పదార్థములది. మరిగినచో ఆవిరైపోవును. కాన ఆకు విషయమున వాక్యకర్త నిర్దోషి. కాడల విషయమున మాత్రం కాడు. కాడలు చారులో మొదటినుంచీ మరగాలి, పసంతా వాటిలోనే. వీడియోల్లో వాటిని తుంచి పారేసి, వినాయకుడి పత్రి ఏరినట్టు ఆకులేరుతారు. థాయ్ వంటవాళ్లు వేళ్లు కూడా వదలరు, వెల్లుల్లి, మిరియాలతో కలిపి నూరుకుంటారు. మా వీధి బండి దగ్గర ఆ వేళ్లకున్న ప్రయోజనం ఒక్కటే, మట్టిని పట్టుకుని కట్టను లావుగా చూపించడం.

కొత్తిమీరతో: ఇచట కొంత విస్తరింతుము. ఈ మొక్కకు సంస్కృతమున కుస్తుంబురువని పేరు. దీనికోసం పాణిని అష్టాధ్యాయి ఆరవ అధ్యాయమున ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసెను. మొక్క జాతిని చెప్పునప్పుడే నడుమ సకారము వచ్చును. రానిచో 'కుతుంబురువు', అనగా చెడ్డ తుంబురు కాయ. తుంబురువనగా ఇచట తిందుకి పండని వ్యాఖ్యాతలు. బీడీలు చుట్టే తునికాకు చెట్టు ఈ తిందుకికి దగ్గరి చుట్టం. అనగా ఒక్క సకారం జారితే చారు పోపు నుంచి బీడీ కట్టలోకి పడతాం! వైయాకరణుడికున్న ఈ జాగ్రత్తలో వీసమెత్తు వంటవారికుంటే ఈ టీక అవసరముండేది కాదు.

ఇక ధనియాలు. వీటిని విత్తనములందురు గానీ నిజానికవి కాయలు. ఒక్కో కాయలో రెండు బద్దలు, బద్దకొక విత్తనము. అందుకే రైతులు విత్తేముందు నేలమీద పోసి నలిపి చీలుస్తారు. గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాల పేర్లు సింధు, సాధన, స్వాతి. ముగ్గురూ వారపత్రిక సీరియల్ నాయికలే. ఆకుకూ కాయకూ ఒకటే తల్లి, వాసనలో మాత్రం పోలికే లేదు. ధనియంలోని పరిమళం ప్రధానంగా లినలూల్‌ది. మూకుట్లో సన్నసెగన రంగు తిరిగేదాకా వేయించి, చల్లారాక దంచితే ఇల్లంతా తెలుస్తుంది. చారుపొడిలో, సాంబారుపొడిలో పెద్ద వాటా దీనిదే.

ఎక్కడున్నాం? మూలంలో. అందులో ధనియాల ఊసే లేదు. కారణం చెబుతాను. పొడిగొట్టి కలిపేసిన ధనియం ఫొటోలో పడదు.

గార్నిష్ చేసి: అలంకరించి. ఇక్కడే నాకు కడుపుమంట. కూరగాయలు కొంటే కొసరుగా నాలుగు రెబ్బలు సంచిలో పడే రోజుల్లో అలంకారమంటే సరిపెట్టుకుందుము. ఇప్పుడు వేసవి వస్తే చాలు, మొక్క ఎండకు తాళలేక తొందరగా పూతకొస్తుంది. కట్ట సన్నబడుతుంది, ధర బలుస్తుంది. బేరమాడి, మట్టి కడిగి, పండుటాకు ఏరి తెచ్చిపెట్టింది కూర నెత్తిన పూలజడకా? కొత్తిమీర తినే వస్తువు బాబూ! చింతపండు, పచ్చిమిర్చి వేసి రోట్లో నూరితే దానికదే పచ్చడి. వేడన్నంలో నూనెచుక్క వేసుకుని కలుపుకుంటే ఇంకో కూర అడగబుద్ధి కాదు.

వేడివేడిగా: స్పష్టము.

సర్వ్ చేసుకోవాలి: వడ్డించుకోవలెనని ప్రాచీనుల పాఠము.

తాత్పర్యము: వంట ఎట్లు కుదిరినను పైన పచ్చగానుండవలెను.

పాఠభేదము: కొన్ని ప్రతులలో "కొత్తిమీర ఆప్షనల్" అని కలదు. వంకాయ కొత్తిమీరకారం వీడియోలోనే ఒకావిడ ఈ మాట సెలవిచ్చారు. ఆ కూరలో లేత వంకాయలు నూనెలో మగ్గాక, అల్లం, పచ్చిమిర్చి, కట్టల కొద్దీ కొత్తిమీర పచ్చిగా నూరిన ముద్ద వేసి రెండు నిమిషాలు కలిపి దించుతారు. అందులోంచి కొత్తిమీర తీసేస్తే మిగిలేది వంకాయ వేపుడు, దానికి వేరే వీడియో ఉంది. కనుక ఈ పాఠము ప్రక్షిప్తమని తోసిపుచ్చడమైనది.